తెర ముందు వ్యాయామం: అరవై దాటాక ఆన్‌లైన్ క్లాసును ఎలా వాడుకోవాలి

ఆన్‌లైన్ వ్యాయామంలో ఒక చిక్కుంది. నేర్పే మనిషి మీకు కనిపిస్తాడు, మీరు అతనికి కనిపించరు. ఎదురుగా ఉండే టీచరైతే మీ మోకాలు లోపలికి వాలుతుంటే సరిచేస్తాడు, మొహం పాలిపోతే కూర్చోబెడతాడు, తూలితే చెయ్యి అందిస్తాడు. రికార్డు చేసిన వీడియోకి ఈ మూడూ చేతకావు. లైవ్ క్లాసులో కూడా సగమే సాధ్యం. అందుకే ఆ పనులు చేసిపెట్టే ఏర్పాట్లన్నీ ప్లే నొక్కకముందే మీ గదిలో సిద్ధంగా ఉండాలి. వీడియో ఎంచుకోవడం ఆ తర్వాతి సంగతి.

ముందు డాక్టరుతో, కానీ సరైన ప్రశ్నలతో

రోజూ నడుస్తూ, ఆయాసం లేకుండా ఇంటి పనులు చేసుకుంటున్నవాళ్లు తేలికపాటి వ్యాయామం ఎవరినీ అడగకుండానే మొదలుపెట్టొచ్చు. కొందరు మాత్రం ముందే అడగాలి: నడిచినా మెట్లెక్కినా ఛాతీలో నొప్పిగానో బిగుతుగానో అనిపించేవాళ్లు, గత ఏడాదిలో ఒక్కసారైనా కింద పడ్డవాళ్లు, లేచి నిలబడగానే కళ్లు తిరిగేవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, ఎముకలు గుల్లబారాయని తేలినవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు.

‘వ్యాయామం చెయ్యొచ్చా?’ అని అడిగితే ‘చెయ్యండి, మంచిదే’ అన్న జవాబు వస్తుంది. దానివల్ల ఉపయోగం లేదు. ఇలా అడగండి: నేను చెయ్యకూడని కదలికలు ఏవి? బీపీ ఎంత ఉంటే ఆ రోజు మానెయ్యాలి? నా మందుల్లో వ్యాయామానికి అడ్డొచ్చేవి ఉన్నాయా?

మందుల సంగతి కొంచెం వివరంగా చూద్దాం, ఎందుకంటే వీడియోల్లో దీని మాటే ఉండదు. అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని పెరగనివ్వవు. ‘నిమిషానికి ఇన్నిసార్లు కొట్టుకోవాలి’ అని చేతి వాచీ చూపించే లక్ష్యం ఆ మందులు వాడేవాళ్లకు వర్తించదు. దాన్ని అందుకోవాలని ప్రయత్నిస్తే ఒంటికి మించిన శ్రమ అవుతుంది. బీపీ మాత్రలు, ప్రొస్టేట్‌కి వాడే టామ్‌సులోసిన్ వంటివి నిలబడగానే బీపీని పడేయగలవు. దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. 5 నిమిషాలు పడుకుని బీపీ చూడండి. లేచి నిలబడి 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకు మరోసారి చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకు మించి గానీ పడితే, నిలబడి చేసే క్లాసు మొదలుపెట్టేముందు డాక్టరుకు ఆ అంకెలు చూపించాలి.

ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వాడేవాళ్లకు వ్యాయామంతో షుగర్ పడిపోవచ్చు. మొదలుపెట్టే ముందు గ్లూకోమీటర్‌లో 90 కన్నా తక్కువ చూపిస్తే, 15 గ్రాముల పిండిపదార్థం ఉండేలా ఏదైనా తిని, అంకె పెరిగాక మొదలుపెట్టండి. షుగర్ వ్యాయామం మధ్యలోనే పడుతుందని అనుకోకండి. కొన్ని గంటల తర్వాత, నిద్రలో కూడా పడొచ్చు. మొదటి రెండు వారాలు రాత్రి పడుకునే ముందు కూడా ఒకసారి చూసుకోవడం మంచిది.

మీ స్థాయి ఏమిటో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు

‘బిగినర్’, ‘ఇంటర్మీడియట్’ అని వీడియో మీద రాసి ఉన్నదాన్ని నమ్మకండి. ఎవరి దృష్టిలో బిగినరో ఎవరికి తెలుసు? ఈ రెండు పరీక్షలూ చేసుకుంటే మీకే తెలుస్తుంది. చేసేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి.

మొదటిది 30 సెకన్ల కుర్చీ పరీక్ష. కూర్చునే భాగం నేలకు సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున, అంటే 17 అంగుళాల ఎత్తున ఉన్న గట్టి కుర్చీని గోడకు ఆనించండి. మధ్యలో కూర్చుని, చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. సమయం అయ్యేసరికి సగానికి పైగా లేచి ఉంటే అది కూడా ఒకటే. చేతులు ఆనించకుండా లేవలేకపోతే లెక్క సున్నా. 65–69 ఏళ్ల ఆడవాళ్లకు 11, మగవాళ్లకు 12 కన్నా తక్కువ వస్తే కాళ్లలో బలం వయసుకు తగ్గంత లేదని అర్థం. 70–74లో ఆడవాళ్లకు 10, మగవాళ్లకు 12. 75–79లో 10, 11. 80–84లో 9, 10.

రెండోది నిలకడ పరీక్ష. వంటగట్టు పక్కన నిలబడండి, కానీ పట్టుకోకండి. పాదాలు రెండూ పక్కపక్కన ఆనించి 10 సెకన్లు. తర్వాత ఒక పాదాన్ని కాస్త ముందుకు జరిపి, దాని మడమ పక్కన రెండో పాదం బొటనవేలు ఉండేలా 10 సెకన్లు. తర్వాత ఒకే గీత మీద నడుస్తున్నట్టు, ఒక మడమకు రెండో పాదం వేళ్లు తాకేలా 10 సెకన్లు. చివర ఒంటి కాలిమీద. మూడో భంగిమలో 10 సెకన్లు నిలవలేకపోతే పడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్నట్టే. అలాంటివాళ్లు పట్టు లేకుండా నిలబడి చేయించే క్లాసులు ప్రస్తుతానికి పక్కన పెట్టి, ఫిజియోథెరపిస్టును ఒక్కసారైనా ముఖాముఖి కలవాలి.

రెండు ఫలితాలనూ తేదీతో సహా కాగితం మీద రాసి దాచండి. తర్వాత పనికొస్తాయి.

ఏ ప్రోగ్రామ్ ఎంచుకోవాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 65 దాటినవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలి. దాంతోపాటు కండరాల బలానికి కనీసం 2 రోజులు, నిలకడనూ బలాన్నీ కలిపి సాధన చేయించే వ్యాయామాలు 3 రోజులు. చివరి రెండూ గుర్తుపెట్టుకోండి. ‘పెద్దలకోసం’ అని వచ్చే వీడియోల్లో చాలావాటిలో లేనివి అవే. కుర్చీలో కూర్చుని చేతులు ఊపడం, మెడ తిప్పడం, సంగీతానికి పాదాలు తాటించడం హాయిగానే ఉంటాయి. కానీ బాత్‌రూమ్‌లో కాలు జారితే నిలదొక్కుకునే శక్తి వాటితో రాదు.

కాబట్టి వీడియోను ముందు కూర్చుని మొత్తం చూడండి. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మడమలెత్తడం, కాలు పక్కకెత్తడం ఉన్నాయా? గట్టో కుర్చీయో పట్టుకుని నిలకడ సాధన చేయిస్తున్నారా? ప్రతి కదలికకూ తేలిక రకం, కష్టం రకం రెండూ చూపిస్తున్నారా? ‘ఇప్పుడు ఎడమ కాలు’ అని కదలడానికి ముందే చెబుతున్నారా, కదిలాక చెబుతున్నారా? వారాలు గడిచేకొద్దీ కష్టం పెరిగే క్రమం ఉందా? నాలుగైదు నెలలైనా అదే వీడియో, అదే సులువు అయితే ఒళ్లు దానికి అలవాటుపడి ఊరుకుంటుంది.

పేరు పట్టుకుని వెతకాలంటే న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో రూపొందిన ఒటాగో వ్యాయామ కార్యక్రమం మంచి ప్రారంభం. కాళ్ల బలం, నిలకడ, నడక కలిపిన ఇంటి వ్యాయామాలవి. ఇంట్లో ఉండే పెద్దవాళ్లు పడిపోవడాన్ని దాదాపు మూడో వంతు తగ్గించినట్టు దాని పరిశోధనల్లో తేలింది. మొదట ఆరోగ్య సిబ్బంది ఇంటికి వచ్చి ఒక్కొక్కరికీ తగ్గట్టు కుదిర్చేలా దాన్ని తయారుచేశారు. వీడియో చూసి చేసేటప్పుడు ఆ కుదిర్చే పని మీమీదే పడుతుంది. నెమ్మదిగా కదులుతూ చేసే చైనా వ్యాయామం తాయ్ చీ కూడా నిలకడకు బాగా పనిచేస్తుందని పరిశోధనలున్నాయి, కాకపోతే మొదటి వారాల్లో దాని వరసలు గుర్తుపెట్టుకోవడం కొందరికి విసుగు.

ఎముకలు గుల్లబారినవాళ్లు నడుము నుంచి ముందుకు గుండ్రంగా వంగేవి, వంగి మెలితిరిగేవి, పడుకుని లేచే సిట్‌అప్‌లు ఉన్న వీడియోలు పక్కన పెట్టాలి. వెన్నుపూస ముందుభాగం మీద బరువు పడి నొక్కుకుపోవచ్చు. ‘వారంలో మోకాళ్ల నొప్పి మాయం’ అనే వీడియోల గురించి చెప్పేదేమీ లేదు.

లైవ్ క్లాసైతే రెండు ప్రశ్నలు అడగండి. ఒక క్లాసులో ఎంతమంది? తెరమీద పది పన్నెండు గళ్లుంటే టీచరు చూడగలరు. యాభై ఉంటే అది మీ ముఖం కనబడే రికార్డింగ్ మాత్రమే. రెండోది: ఎవరైనా పడిపోతే మీరేం చేస్తారు? మంచి టీచరు మొదటి రోజే మీ చిరునామా, ఇంట్లో ఇంకొకరి ఫోన్ నంబరు రాసుకుంటారు. అడగకపోతే మీరే ఇవ్వండి. తెరలో మీరు పడటం చూసి కూడా, అంబులెన్సును ఎక్కడికి పంపాలో తెలియకపోతే ఏం లాభం?

గది, తెర, చెప్పులు

రెండు మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఖాళీ కావాలి. విడిగా పరిచిన చిన్న కార్పెట్లు తీసెయ్యండి. ఛార్జర్ వైరు నేలమీద అడ్డంగా రాకూడదు, ఆన్‌లైన్ క్లాసు కోసమే కొత్తగా వచ్చి కాళ్లకు తగిలే వస్తువు అదే. చక్రాల కుర్చీ, మడత కుర్చీ, ప్లాస్టిక్ కుర్చీ పనికిరావు. నాలుగు కాళ్ల గట్టి కుర్చీని గోడకు ఆనించి వాడాలి. నిలకడ సాధనకు మాత్రం కుర్చీ వీపుకన్నా వంటగట్టు మేలు. తూలినప్పుడు కుర్చీ మీతోపాటు ఒరుగుతుంది, గట్టు ఒరగదు.

హవాయి చెప్పులు, సాక్సులు వద్దు. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు మడమ కప్పే బూట్లు వేసుకోవాలి. స్పర్శ బాగుండి, నేల జారనిదైతే ఉత్తకాళ్లతో చెయ్యొచ్చు.

ఫోన్ తెర చిన్నది. దాన్ని బల్లమీద పెట్టి చేస్తే మెడ వంగుతుంది, మెడ వంగితే ఒళ్లు ముందుకు తూలుతుంది. టీవీకి కలుపుకోండి, లేదా టాబ్లెట్‌ను కంటి ఎత్తున నిలబెట్టండి. ప్రోగ్రెసివ్, బైఫోకల్ కళ్లద్దాలు వాడేవాళ్లకు మరో ఇబ్బంది ఉంది. కిందకు చూసినప్పుడు చదివే అద్దంలోంచి చూస్తారు, నేల మసకగా, దగ్గరగా కనిపిస్తుంది, అడుగు తప్పుతుంది. దూరం చూసే విడి కళ్లద్దాలుంటే అవి పెట్టుకోండి.

లైవ్ క్లాసులో కెమెరా 2 నుంచి 2.5 మీటర్ల దూరంలో ఉండి, తల నుంచి పాదాల దాకా మీరు కనబడాలి. చాలామంది ముఖమే చూపిస్తారు. టీచరుకు కావలసినవి మీ మోకాళ్లు, పాదాలు. కిటికీ మీ వెనక ఉంటే మీరు నల్లటి నీడలా కనిపిస్తారు, వెలుతురు ముందునుంచి పడాలి. కుర్చీలో లేచి కూర్చునేటప్పుడు పక్కకు తిరిగి చేస్తే నడుము ఎలా వంగుతోందో వాళ్లకు తెలుస్తుంది.

యూట్యూబ్‌లో మూడు మార్పులు చేసుకోండి. ఆటోప్లే ఆపండి, లేదంటే పెద్దలకోసం చేసిన వీడియో అవ్వగానే గెంతులేయించే ఇంకో వీడియో మొదలవుతుంది. వేగం 0.75కు తగ్గించండి. క్యాప్షన్లు పెట్టుకోండి. ఒంటి కాలిమీద ఉండగా ప్రకటన వచ్చి హోరెత్తిస్తే ఉలిక్కిపడటం సహజం, కాబట్టి పట్టు వదలకండి. కుడి ఎడమల గందరగోళం అందరికీ వస్తుంది. టీచరు ‘కుడి కాలు’ అంటుంటే తెరమీద మరోవైపు కదులుతుంది. ఏ కాలు ముందయినా పర్వాలేదు, రెండువైపులా సమానంగా చేస్తే చాలు. కాలు మార్చుకోవాలని కంగారుపడి మధ్యలో పాదాలు పెనవేసుకోవడమే ప్రమాదం.

క్లాసు ఫోన్‌లోంచి టీవీకి వస్తుంటే ఆ ఫోన్ మీకు దూరంగా ఉంటుంది. జేబులో ఇంకో ఫోన్ గానీ, మాటతో కాల్ చేసే సదుపాయం గానీ ఉండాలి. తలుపు లోపల గడియ వేసుకోకండి.

అరగంట ఎలా గడపాలి

1. ఒళ్లు వేడెక్కడానికి 5–7 నిమిషాలు. కూర్చుని చీలమండలు తిప్పడం, మోకాళ్లు చాచడం, తర్వాత నిలబడి ఉన్నచోటే నడక.

2. బలానికి 12–15 నిమిషాలు. ఒక్కో కదలిక 8 నుంచి 12 సార్లు, కుదిరితే రెండు విడతలు, మధ్యలో ఒక నిమిషం విశ్రాంతి. చివరి రెండుసార్లూ కష్టంగా ఉండాలి. 15సార్లు అవలీలగా అయిపోతోందంటే అది తేలికైపోయింది.

3. నిలకడకు 5–8 నిమిషాలు. అలసట ఎక్కువైతే దీన్ని బలం కన్నా ముందుకు జరపండి.

4. చల్లబడటానికి 5 నిమిషాలు. హఠాత్తుగా ఆగి నిలబడిపోతే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. నెమ్మదిగా నడుస్తూ ఆపండి.

కుర్చీలోంచి లేవడం చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. కుర్చీ అంచుకు జరగండి. పాదాలను మోకాళ్లకన్నా కొంచెం వెనక్కి, తుంటి వెడల్పున పెట్టండి. ముక్కు పాదాల వేళ్ల మీదకు వచ్చేదాకా నడుమును నిటారుగానే ఉంచి ముందుకు వాలండి, అప్పుడు మడమలతో నేలను నొక్కుతూ లేవండి. వాలకుండా నేరుగా పైకి లేవబోతే వెనక్కి పడతారు. కూర్చునేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి. ధబ్బున కూలబడితే సగం వ్యాయామం పోయినట్టే, పైగా వెన్నుకు దెబ్బ. లేవడం కష్టమైతే కుర్చీమీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి, వారాలు గడిచాక తీసెయ్యండి.

లేచేటప్పుడు ఊపిరి వదలాలి. బిగపడితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. లెక్కను బయటికి పలికితే ఊపిరి బిగపట్టడం కుదరదు, ఇంతకన్నా సులువైన చిట్కా లేదు.

మడమలెత్తేటప్పుడు పాదాలు బయటికి ఒరగకూడదు, బరువు బొటనవేలి వైపు ఉండాలి. కాలు పక్కకెత్తేటప్పుడు ఎత్తుకోసం నడుము వంచకండి, పాదం నేల నుంచి జానెడు లేస్తే చాలు. చేతులకు గోడను నెట్టడం సరిపోతుంది. కాళ్లకు బరువులు కట్టాలనుకుంటే ముందు అర కిలోతోనో ఒక కిలోతోనో మొదలుపెట్టండి.

నిలకడ సాధనలో ఒక నియమం: తెర చూడకండి. తల తిప్పినప్పుడు కళ్లూ లోపలి చెవీ పంపే సంకేతాలు రెండూ మారతాయి, సరిగ్గా నిలకడ అవసరమైన క్షణంలోనే అది దెబ్బతింటుంది. కదలికను ముందు చూసి నేర్చుకుని, వీడియో ఆపి, ఎదురుగా కదలని ఒక వస్తువును చూస్తూ చెయ్యండి. పట్టు తగ్గించే క్రమం ఇది: రెండు చేతులు, ఒక చెయ్యి, ఒక వేలు, ఆఖరున చెయ్యి గట్టుకు పైన తాకీ తాకనట్టు.

శ్రమ సరిపోతోందా అనేది మాటతోనే తెలుస్తుంది. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. పాడగలిగితే శ్రమ చాలలేదు. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తే ఎక్కువైంది. సున్నా నుంచి పది దాకా కొలిస్తే 5–6 దగ్గర ఉండాలి.

నేలమీద పడుకుని చేసే వ్యాయామాలు, నేలమీంచి లేవడం వచ్చినవాళ్లకే. అది నేర్చుకోదగ్గ విద్య కూడా. పక్కకు ఒత్తిగిలండి, చేతులూ మోకాళ్ల మీదకు రండి, కుర్చీదాకా పాకండి, రెండు చేతులూ కుర్చీమీద పెట్టండి, బలమైన కాలి పాదాన్ని ముందుకు మోపండి, నొక్కి లేచి తిరిగి కూర్చోండి. మొదటిసారి ఎవరైనా పక్కన ఉన్నప్పుడే.

వారాలు ఎలా పెంచాలి, ఎప్పుడు ఆపాలి

మొదటి రెండు వారాలు 10–15 నిమిషాలు, రోజు విడిచి రోజు, వారానికి 3సార్లు. తర్వాత ఒక్కో వారం ఒక్కటే పెంచండి: నిమిషాలో, విడతలో, బరువో. అన్నీ ఒకేసారి పెంచితే నొప్పి వచ్చినప్పుడు దేనివల్లో తెలియదు. జ్వరమొచ్చి రెండు వారాలు మానేస్తే ఆపినచోట కాకుండా దాదాపు సగంతో మొదలుపెట్టండి.

తొడలు, పిక్కలు రెండువైపులా మందంగా నొప్పెట్టి రెండు మూడు రోజుల్లో తగ్గితే అది కండరాల నొప్పి. ఒక్క కీలులో పొడిచినట్టుండటం, వాపు, రాత్రి నిద్ర చెడేంత నొప్పి వేరు. మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లకు మంచి కొలత ఒకటుంది. వ్యాయామం అయిన రెండు గంటల తర్వాత కూడా నొప్పి మొదటికన్నా ఎక్కువగా ఉంటే తర్వాతిసారి తగ్గించండి, మానక్కర్లేదు.

ఛాతీలోగానీ దవడలోగానీ ఎడమ చేతిలోగానీ నొప్పి, చల్లటి చెమట, మూతి వంకరపోవడం, మాట తడబడటం, కళ్లు చీకట్లు కమ్మడం వస్తే వెంటనే కూర్చుని సాయం పిలవండి. ‘ఇంకో రెండు నిమిషాలే కదా’ అని క్లాసు పూర్తిచెయ్యకండి, టీచరు ఏమనుకుంటారోనని కెమెరా ఆపేసి పక్కకు పోకండి. కనబడుతూ ఉండటమే మేలు.

మనసుకు

క్రమంగా చేసే వ్యాయామం దిగులును, ఆందోళనను తగ్గిస్తుందని, నిద్ర మెరుగుపరుస్తుందని చాలా పరిశోధనల్లో తేలింది. ఒంటరితనం విషయంలో మాత్రం రికార్డు చేసిన వీడియో పెద్దగా సాయపడదు. దానికి లైవ్ క్లాసు కావాలి, అందులోనూ మొదటి పది నిమిషాలు, చివరి పది నిమిషాలు. ముందే వచ్చి పలకరించుకునే అలవాటున్న బృందాన్ని వెతకండి. మీరు రాని రోజు ఫోన్ చేసే మనిషి ఒక్కరు దొరికినా ఆ క్లాసు వదలకండి.

దిగులుగా ఉన్న రోజు అరగంట చెయ్యాలంటే కాలు కదలదు. ఐదు నిమిషాలే చేస్తానని మొదలుపెట్టండి, ఐదు తర్వాత ఆపినా లెక్కే. దిగులుకు మందులు వాడుతుంటే వ్యాయామం వాటికి తోడు మాత్రమే. బాగుందనిపించినా సొంతంగా ఆపకండి.

బుర్రకు కూడా పని చెప్పాలంటే ఉన్నచోట నడుస్తూ 100 నుంచి మూడేసి తగ్గించండి, లేదా ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు చెప్పండి. లెక్క మొదలవ్వగానే అడుగులు నెమ్మదిస్తాయి, అలా జరగడం మామూలే. కొత్తగా నేర్చుకుంటున్న నిలకడ భంగిమలో మాత్రం ఇది వద్దు. జ్ఞాపకశక్తి తగ్గుతున్నవాళ్లకు రోజుకో కొత్త వీడియో పెట్టకండి. అదే వీడియో, అదే సమయం, అదే కుర్చీ, పక్కన ఒక మనిషి.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇదంతా అమర్చిపెట్టే పిల్లలకు ఒక మాట. తెరమీద క్లాసు గుర్తు ఒక్కటే పెద్దగా కనిపించేలా ఉంచండి. తెరవడం, ఆపడం, ధ్వని పెంచడం, ఈ మూడూ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి టీవీ పక్కన అంటించండి. మొదటి మూడు క్లాసులూ వాళ్లతోపాటు చెయ్యండి. నేర్పేటప్పుడు ఫోన్ మీ చేతిలోకి తీసుకోకండి, వాళ్ల వేలితోనే నొక్కించండి.

ఎనిమిదో వారం చివర ఆ కుర్చీ పరీక్ష మళ్లీ చెయ్యండి, అదే కుర్చీతో, రోజులో అదే సమయానికి. రెండు మూడు పెరిగితే దిండు తీసెయ్యడానికో, బరువు పెంచడానికో వేళయింది. ఏమీ పెరగకపోతే ముందు చూడాల్సింది చివరి రెండుసార్లు నిజంగా కష్టంగా ఉంటున్నాయా అని. తగ్గితే మాత్రం వీడియో మార్చి ప్రయోజనం లేదు, ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.